కొలవకుండా తుక్కు అనకండి

హుజూర్‌నగర్‌లో పాత లేత్‌కు వెల కట్టేది కాటా. ముప్పై నలభై ఏళ్లు షాఫ్టులు తిప్పిన మిషన్ అమ్మకానికి వచ్చిందంటే, ముందుగా వచ్చేది పాత ఇనుప సామాను కొనే మనిషి. మిషన్ చుట్టూ ఒక్కసారి తిరుగుతాడు. బీడు ఎన్ని కిలోలు, ఉక్కు ఎన్ని కిలోలు, మోటారులో రాగి ఎంత అని మనసులోనే లెక్క కట్టి ధర చెప్పేస్తాడు. ఆయన మీద నాకు కోపం లేదు, అది ఆయన వ్యాపారం. నా తగాదా ఆయన పక్కన నిలబడి తలూపేవాళ్లతో. వాళ్లలో లేత్ పని తెలిసినవాళ్లు ఉన్నారు, ఇంజనీరింగ్ చదివినవాళ్లు ఉన్నారు, ఆ మిషన్ మీదే అన్నం తిన్న యజమానులు కూడా ఉన్నారు.

మూతపడిన ఒక షాపు నుంచి ఆరడుగుల బెడ్ లేత్ ఒకటి కొని, ఇంటి వెనక రేకుల షెడ్డులో దించుకున్న రోజున నాకు నాలుగు మాటలు వినిపించాయి. "బెడ్ అరిగింది సారూ, ఇగ అది తుక్కే" అన్నాడు ఒక మేస్త్రీ. "సీఎన్‌సీ వచ్చినంక దీంతోటి పనేముందన్నా?" అన్నాడు ఒక కుర్రాడు. "అంతగా మోజుంటే బల్ల మీద పెట్టుకునే కొత్త లేత్ కొనుక్కోరాదు?" అన్నాడు ఒక స్నేహితుడు. నాలుగో మాట ఇంట్లోంచే వచ్చింది: "చదువుకున్నోనికి ఈ మసి పనేంది?" ఇవి మా ఊరి మాటలే కావు. కోదాడలో, సూర్యాపేటలో, మిర్యాలగూడలో ఎక్కడికి వెళ్లినా ఇవే వినిపిస్తాయి. ఈ నాలుగూ తప్పని నా వాదన. అన్నింటికంటే పెద్ద తప్పు మొదటిదానిలోనే ఉంది. మిగతా మూడూ దాని మీదే నిలబడ్డాయి కాబట్టి అక్కడే ఎక్కువసేపు ఆగుతాను.

"బెడ్ అరిగింది" అన్న మేస్త్రీని ఒక్కటే అడిగాను: "ఎంత అరిగింది?" జవాబు లేదు. బెడ్ మీద వేలు రాసి చూశాడు, చక్ దగ్గర వేలికి చిన్న మెట్టు తగిలింది, తీర్పు అయిపోయింది. అరుగుదల అనేది కొలతకు దొరికే వస్తువు. దాన్ని వేలితో తేల్చేస్తే అది ఆ మనిషి అభిప్రాయమే అవుతుంది, మిషన్ జాతకం కాదు.

కొలిస్తే ఏం తేలుతుందో చూడండి. టూల్‌ను మోస్తూ బెడ్ మీద నడిచే శాడిల్ ఎక్కువగా తిరిగేది చక్‌కు దగ్గర్లో కాబట్టి బెడ్ అక్కడే అరుగుతుంది. టెయిల్ స్టాక్ వైపు చివర దాదాపు కొత్తదానిలా ఉంటుంది. చక్ దగ్గర బెడ్ 0.1 మిల్లీమీటరు దిగిపోయిందనుకుందాం. టూల్ కూడా అంతే తిన్నగా కిందికి దిగితే, 50 మి.మీ. వ్యాసం ఉన్న షాఫ్టు మీద వచ్చే తేడా ఎంత? టూల్ గుండ్రానికి పక్కన ఉంటుంది కాబట్టి కాస్త కిందికి జారినా కేంద్రం నుంచి దూరం మారదనే చెప్పాలి. లెక్క కడితే వ్యాసంలో తేడా 0.0004 మి.మీ. షాపులో వాడే మైక్రోమీటరుకు అది కనిపించదు. వేలికి తగిలిన ఆ మెట్టును చూసి గుండెలు బాదుకునేవాళ్లు ముందు ఈ లెక్క వేయాలి.

అయితే లెక్క ఇక్కడితో ఆపితే నేను మోసం చేసినట్టే. బెడ్ రెండు వైపులా సమానంగా అరగదు. కోత బరువు, ఏప్రన్ బరువు ఎక్కువగా పడే ముందువైపు వీ పట్టాయే ముందు అరుగుతుంది. అప్పుడు శాడిల్ నిలువునా దిగదు, మనవైపు ఒరుగుతుంది. పట్టాల మధ్య దూరం 250 మి.మీ., బెడ్ నుంచి కేంద్రం ఎత్తు 200 మి.మీ. అనుకుంటే, ముందు పట్టా 0.1 మి.మీ. దిగినప్పుడు టూల్ 0.08 మి.మీ. వెనక్కి వస్తుంది. వ్యాసం 0.16 మి.మీ. పెరుగుతుంది. ఇది చిన్న తేడా కాదు. ఇక్కడ తుక్కు పక్షం వాళ్లు చెప్పేదాంట్లో నిజం ఉంది.

కానీ ఆ నిజం ఎంత దూరం వస్తుందో కూడా కొలుద్దాం. మిల్లులో వాడే 6310 బేరింగ్ తీసుకోండి. లోపలి బెజ్జం 50 మి.మీ., వెడల్పు 27 మి.మీ. షాఫ్టు మీద దానికి చోటు చేయాలంటే కె6 ఫిట్‌లో 50.002 నుంచి 50.018 మి.మీ. దాకా ఉండొచ్చు. అంటే మన చేతిలో ఉన్నది 0.016 మి.మీ. పైన చెప్పిన 0.16 తేడా 300 మి.మీ. నడకలో సమంగా పరుచుకుని ఉంటే, 27 మి.మీ. వెడల్పులో మనకు తగిలేది 0.0144. అంచు మీద గట్టెక్కుతుంది. అంత అరిగిన మిషన్ మీద కూడా పని తెలిసిన చెయ్యి ఆ బేరింగ్‌ను కూర్చోబెడుతుంది. అందులో సగమే అరిగిన మిషన్ మీదైతే చెమట కూడా పట్టదు. రెండు మీటర్ల షాఫ్టును ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే సైజుకు తేవాలంటే మాత్రం కుదరదు. కాబట్టి అసలు అడగాల్సింది ఈ లేత్ మంచిదా చెడ్డదా అని కాదు. ఏ పనికి, ఎంత పొడవులో, ఎంత తేడాతో అని అడగాలి. ఇదేమీ అడగకుండా 'తుక్కు' అనడం ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే.

ఇంకో సంగతి. అరుగుదల అని జనం అనుకునే దాంట్లో చాలాసార్లు ఉన్నది మెలిక. బీడు బెడ్ ఎంత బరువైనదైనా, కాళ్ల కింద నేల సమంగా లేకపోతే తువ్వాలు పిండినట్టు కొద్దిగా మెలి తిరుగుతుంది. మా దగ్గర ఎన్నో లేత్‌లను నాపరాళ్ల మీద, చెక్క ముక్కల మీద, ఒక్కోసారి చదును చేయని గచ్చు మీద నిలబెట్టి, ఆ మీదట టేపర్ వస్తోందని, అంటే ఒక చివర లావు, ఒక చివర సన్నం అవుతోందని తిడతారు. తాపీ మేస్త్రీ వాడే రసమట్టం ఈ పనికి చాలదు. మీటరుకు 0.02 మి.మీ. తేడా చూపించే ఇంజనీరింగ్ రసమట్టం కావాలి. అది దొరకకపోతే ఇంకో దారి ఉంది. చక్‌లో ఒక లావు కడ్డీ పట్టి, రెండో చివర ఆసరా లేకుండా వదిలి, దాని మీద 150 మి.మీ. దూరంలో రెండు కాలర్లు ఉంచాలి. టూల్‌ను కదపకుండా ఒకే సెట్టింగ్‌లో రెండింటి మీదా పలచటి కోత తీసి, మైక్రోమీటరుతో కొలవాలి. నా లేత్ మీద మొదటిసారి వచ్చిన తేడా 0.06. టెయిల్ స్టాక్ వైపు కాలి కింద ఇత్తడి రేకులు ఒక్కొక్కటే దోపుతూ, బోల్టు బిగిస్తూ, మళ్లీ కోత తీస్తూ మూడు సాయంత్రాలు గడిపాను. తేడా 0.01కి దిగింది. బెడ్ మీద ఒక్క రవ్వ లోహం తీయలేదు, కొత్త భాగం ఒక్కటీ కొనలేదు. తుక్కు అని పేరు పడిన మిషన్‌కు ఉన్న జబ్బు నేల.

క్రాస్ స్లయిడ్ హ్యాండిల్ పావు చుట్టు వదులుగా తిరుగుతుంది, అదీ ఇంకో నేరారోపణ. ఎప్పుడూ ఒకే వైపు నుంచి సైజుకు వస్తే ఆ వదులు కొలతను చెడగొట్టదు. పాత టర్నర్‌లు పుట్టినప్పటి నుంచీ చేస్తున్నది అదే. ఆ వదులూ వద్దనుకుంటే గన్‌మెటల్ నట్టు కొత్తది చేసుకోవచ్చు. లేత్ తన నట్టును తానే చేసుకోగలదు. స్పిండిల్ ఊగుతోందంటే డయల్ గేజ్ పెట్టి, సన్నటి కర్రతో పైకెత్తి చూడాలి. తరచూ అది బేరింగ్ చావు కాదు, బిగువు సడలడమే. శాడిల్ ఊగితే జిబ్ పట్టీ సరిచేయాలి. చింత చచ్చినా పులుపు చావలేదన్నట్టు, పైకి తుప్పు కట్టిన మిషన్ లోపల చాలా ప్రాణం ఉంటుంది.

అరిగిన మిషన్‌తో నిక్కమైన పని చేయలేమనేవాళ్లకు చరిత్రే ఎదురుసాక్షి. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే మర కోసే లేత్‌ను చేసినప్పుడు, అంతకంటే నిక్కమైన లేత్ ఆయన దగ్గర ఉందా? లేదు. తప్పుల తడక లీడ్ స్క్రూ నుంచి కాస్త మంచి స్క్రూ, దాని నుంచి ఇంకాస్త మంచిది, ఇలా మెట్టు మెట్టుగా ఎక్కారు. ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ తర్వాత ప్రచారం చేసిన మూడు పలకల పద్ధతీ అలాంటిదే. రెండు ఇనుప పలకలను ఒకదానితో ఒకటి సరిచూస్తే మోసపోవచ్చు. ఒకటి గిన్నెలా, రెండోది బోర్లించిన గిన్నెలా తయారై చక్కగా ఇమిడిపోతాయి. మూడో పలక తెచ్చి మార్చి మార్చి నీలం రంగు పూసి ఆనించి, రంగు అంటిన మెరకలను స్క్రేపర్‌తో గీకుతూ పోతే, మూడూ ఒకదానికొకటి సరిపోయే ఆకారం చదును ఒక్కటే. అంటే సమతలం పుట్టింది ఖరీదైన మిషన్ నుంచి కాదు, పోల్చి చూసే పద్ధతి నుంచి. ఆ పద్ధతి హుజూర్‌నగర్ షెడ్డులోనూ పనిచేస్తుంది. శాడిల్ కింది భాగం, క్రాస్ స్లయిడ్, టెయిల్ స్టాక్ అడుగు ఇవన్నీ చేత్తో గీకి సరిచేసుకోదగ్గవే. బెడ్ పట్టాలకు గట్టిపూత వేడి ఇచ్చి ఉంటే మాత్రం స్క్రేపర్ దిగదు, పెద్ద గ్రైండింగ్ మిషన్ ఉన్నచోటికి పంపాల్సిందే.

ఇక సీఎన్‌సీ మాట. నేను దానికి శత్రువును కాను. ఒకే బుష్షు వెయ్యి కావాలంటే సీఎన్‌సీని మించింది లేదు. కానీ మా ప్రాంతానికి కావాల్సిన పని ఏమిటి? 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువల్లోకి నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద వరి వచ్చింది, వరి వెంట మిర్యాలగూడలో మిల్లులు లేచాయి, మిల్లుల వెంట లేత్ షాపులు వచ్చాయి. కృష్ణ ఒడ్డున ఎత్తిపోతల మోటార్లు, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, పొలాల్లో బోర్లు, ట్రాక్టర్లు. ఇవన్నీ విరిగేవి ఒక్కొక్కటిగా, ఒక్కోటి ఒక్కో రకంగా. వడ్లు దిగే రోజుల్లో ఎలివేటర్ షాఫ్టు బేరింగ్ దగ్గర తినేసిందనుకోండి. మిల్లు ఆగింది, బయట లారీలు నిలబడ్డాయి. ఆ షాఫ్టు కొద్దిగా వంగి ఉంటుంది, తిన్నచోట వెల్డింగ్ నింపి ఉంటుంది. ఆ వెల్డింగ్ ఒకచోట మెత్తగా, ఒకచోట రాయిలా ఉంటుంది. దానికి కావాల్సింది చక్‌లో పట్టి, సుద్దముక్కతో ఒంపు చూసి, కోత చప్పుడు మారగానే ఫీడ్ తగ్గించే మనిషి. ఒక్క ముక్క కోసం ప్రోగ్రాం రాసి సెట్ చేసే లోపు మామూలు లేత్ మీద షాఫ్టు తయారై మిల్లుకు చేరుతుంది. ఆరడుగుల షాఫ్టు చాలా సీఎన్‌సీల కడుపులో పట్టనే పట్టదు.

బల్ల మీది కొత్త లేత్ కొనుక్కోమన్న స్నేహితుడికి జవాబు బరువులో ఉంది. ఆ చిన్న మిషన్‌లు 40 కిలోల దగ్గర ఉంటాయి. ఆరడుగుల బెడ్ లేత్ టన్ను దగ్గర తూగుతుంది. ఆ బరువు ఊరికే పెట్టింది కాదు. కోతలో పుట్టే అదురును మింగేది ఆ బీడే. చిన్న లేత్ గడియారపు ముక్కలకు, ఇత్తడి పనికి చక్కగా సరిపోతుంది. దాని మీద మిల్లు షాఫ్టు పెడితే టూల్ ఏడుస్తుంది. ఇంకొకటి: 1943లో సికింద్రాబాద్ కవాడిగూడలో మొదలైన ప్రాగా టూల్స్, 1953లో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ, 1941లో హరిహర్‌లో మొదలైన మైసూర్ కిర్లోస్కర్ లాంటి చోట్ల పోతపోసిన బీడు ఇంకా ఊళ్లలో మిగిలే ఉంది. దాన్ని కరిగించి కడ్డీలు చేసి, ఆ డబ్బుకు తేలిక మిషన్ కొనుక్కోవడం పాడి ఆవును అమ్మి పాల ప్యాకెట్లు కొనుక్కోవడమే.

మార్పుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇంటి షెడ్డులో లేత్ పెట్టినవాడికి మొదటి అడ్డంకి కరెంటు. ఇంటికి వచ్చేది సింగిల్ ఫేజ్, లేత్‌కు ఉన్నది త్రీ ఫేజ్ మోటారు. "మోటారు మార్చెయ్" అంటారు. మార్చక్కర్లేదు. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే వీఎఫ్‌డీ డ్రైవు ఉంది. 415 వోల్టులకు స్టార్‌గా కట్టిన 2 హెచ్‌పీ మోటారు అయితే, లోపల ఆ స్టార్ ముడి విప్పి డెల్టాగా మార్చాలి. ఆ పని మోటారు వైండింగ్ చేసేవాడికి చేతనవుతుంది. వేగం నాబ్ తిప్పితే మారుతుంది. కానీ ఒక హెచ్చరిక. పాత లేత్‌ల మీద చక్ స్పిండిల్‌కు మర బిగించి ఉంటుంది. డ్రైవులో బ్రేకు టైము మరీ తక్కువ పెట్టి గబుక్కున ఆపినా, తిరుగుతుండగా రివర్స్ నొక్కినా, చక్ తన బరువుతో తానే మర విప్పుకుని కాళ్ల మీదికి దూకుతుంది. మార్పు చేసేవాడు యంత్రం గుణం తెలుసుకుని చేయాలి.

నాకు నచ్చిన మార్పు ఒక్క గేరు. నా లేత్ లీడ్ స్క్రూ అంగుళానికి నాలుగు మరలు, పాత పద్ధతి. మన దేశం 1956 చట్టంతో మెట్రిక్‌కు మారింది, మిషన్ మారలేదు. 2 మి.మీ. మర కోయాలంటే ఎలా? అంగుళం 25.4 మి.మీ., దాన్ని ఐదుతో గుణిస్తే 127. స్పిండిల్ వైపు 40 పళ్ల గేరు, లీడ్ స్క్రూ వైపు 127 పళ్ల గేరు, మధ్యలో ఐడ్లర్ ఒకటి పెడితే సరిగ్గా 2 మి.మీ. మర వస్తుంది, ఉజ్జాయింపు కాదు. బెడ్‌కు ఒక్క బెజ్జం వేయకుండా, వెల్డింగ్ ముక్క తగిలించకుండా, మళ్లీ విప్పి పాతదిగా పెట్టుకోగలిగేలా చేసిన మార్పు అంటే అది.

నా పక్షంలోనే ఉండి పరువు తీసేవాళ్లనూ వదలను. మిషన్‌ను విప్పకుండా, కొలవకుండా ఆకుపచ్చ రంగు కొట్టి, హ్యాండిళ్లు తళతళలాడించి "రీకండిషన్" అనేవాళ్లు ఉన్నారు. పొట్ట విప్పని మేడిపండు అది. ఇంకా ఘోరం, బెడ్ మెరవాలని ఎమెరీ బెల్టు తిప్పడం. మొదటివారం నేనే ఆ పని చేశాను, ఒప్పుకుంటున్నాను. ఎమెరీ రవ్వలు శాడిల్ కిందికి చేరి పట్టాను అరగదీస్తాయి. అరుగుదలకు మందు వేస్తున్నానని అరుగుదలే పోశాను. శాడిల్ విప్పి కిరసనాయిలుతో కడగక తప్పలేదు.

అన్ని లేత్‌లూ బతుకుతాయని కూడా అనను. హెడ్ స్టాక్ పోత పగిలి ఉంటే, బెడ్ విరిగి అతుకు పడి ఉంటే, గేర్ల పెట్టెలో సగం గేర్లు పోయి ఉంటే, దాన్ని తుక్కు అనడంలో తప్పు లేదు. గంటకు కూలి లెక్క వేస్తే నేను పెట్టిన సాయంత్రాలకు కొత్త మిషన్ వాయిదా కట్టొచ్చని కూడా ఒప్పుకుంటాను. లాభం కోసం అయితే ఈ పని మొదలుపెట్టొద్దు. కానీ ఆ సాయంత్రాల్లో నేర్చుకున్నది లెక్కలో ఏ పద్దు కింద రాయాలి? షాఫ్టు ఎందుకు టేపర్ వస్తుందో, మర ఎక్కడ తప్పుతుందో ఇప్పుడు నాకు తెలుసు.

"చదువుకున్నోనికి మసి పనేంది" అన్న మాటకు జవాబూ అక్కడే ఉంది. మసి చేతికి అంటేది, సబ్బుతో పోతుంది. ఇంజనీరింగ్ పట్టా చేతిలో ఉండి, మైక్రోమీటరు మీద నూరో వంతు చదవలేకపోవడం ఏ సబ్బుకూ పోదు. టర్నింగ్ తక్కువ పని అనే అలవాటు వల్లే, ఆ పని తెలిసిన పెద్దమనుషులు షాపు మూసేనాడు పక్కన నేర్చుకున్నవాడు ఒక్కడూ ఉండడు. మిషన్ తుక్కుకు పోవడానికి ముందే ఆ విద్య తుక్కుకు పోతోంది.

ఐటీఐలలో టర్నర్ కోర్సు రెండేళ్లు. రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనిని 2024లో మొదలుపెట్టారు. కొత్త మిషన్‌లు రావడం మంచిదే. నాది ఒక్క విన్నపం: పాత లేత్‌లు ఉన్నచోట వాటిని వేలానికి పెట్టే ముందు ఒక్కదాన్ని పిల్లల చేతికివ్వండి. విప్పమనండి, కొలవమనండి, నీలం పూసి గీకమనండి, మళ్లీ బిగించి రెండు కాలర్ల పరీక్ష పెట్టమనండి. ఆ పరీక్షలో నెగ్గిన పిల్లవాడు సీఎన్‌సీ ముందు నిలబడినా తడబడడు, దాని కిందా పట్టాలే ఉన్నాయి, స్పిండిలే ఉంది.

లేత్ షాపు యజమానులకూ ఒక మాట. మిషన్ అమ్మాలనుకున్న రోజున కాటా మనిషికి ఫోన్ చేసే ముందు, ఒక డయల్ గేజ్, ఒక మైక్రోమీటరు, ఒక లావు కడ్డీ పట్టుకుని ఒక్క పూట దాని దగ్గర కూర్చోండి. స్పిండిల్ చూడండి, మెలిక చూడండి, పట్టా చూడండి. వచ్చిన అంకెలను కాగితం మీద రాయండి. ఆ అంకెలు చూశాక కూడా తుక్కే అనిపిస్తే అమ్మేయండి. కాటా ఎక్కడికీ పోదు.